మాగ్డెబర్గ్ నుంచి వీకెండ్ ట్రిప్: డ్రెస్డెనా, హాంబర్గా, ప్రాగా, ఆమ్‌స్టర్‌డామా?

జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో చదువుకుంటున్నాం, మా ఫ్లాట్‌లో నలుగురం. ఒకడిది కరీంనగర్, ఒకడిది అనంతపురం, ఒకడిది నెల్లూరు, నాది విజయవాడ. ఎక్కడికైనా వెళ్దామన్న మాట ఎవరు ఎత్తినా, గంట వాదన తర్వాత ఎవడో ఒకడు "మీ ఇష్టం రా, నాకు ఏదైనా ఓకే" అంటాడు. రెండేళ్ళు కలిసి ఉన్నాక తెలిసిందేమిటంటే, ఆ మాట అన్నవాడికి ఏదైనా ఓకే కాదు. బ్లాక్డ్ అకౌంట్‌లో (వీసా కోసం ముందే డబ్బు వేసి, నెలకి ఇంత అని మాత్రమే తీసుకునే ఖాతా) ఈ నెల ఇంకా ఎంత మిగిలిందో లెక్క వేసుకుంటున్నాడు.

అందుకే ఇక్కడ ఏ ఊరు అందంగా ఉంటుందన్న చర్చ పెట్టడం లేదు. డ్రెస్డెన్, హాంబర్గ్ జర్మనీలోనివే, ప్రాగ్ చెక్ దేశంలో, ఆమ్‌స్టర్‌డామ్ నెదర్లాండ్స్‌లో. నాలుగూ అందమైనవే, ఫోటోలు మీరూ చూశారు. నలుగురు కలిసి శుక్రవారం బయల్దేరి ఆదివారం రాత్రికి తిరిగొస్తే, ఎవడి జేబూ చిరగకుండా ఎవడి మొహమూ మాడకుండా ఏ ఊరు కుదురుతుందన్నదే ప్రశ్న. మేముండేది మాగ్డెబర్గ్ కాబట్టి గంటలన్నీ ఇక్కడి నుంచే చెబుతున్నాను. మీరు లైప్‌జిగ్‌లోనో బ్రౌన్‌ష్వైగ్‌లోనో ఉంటే అంకెలు మారతాయి, లెక్క వేసే పద్ధతి మారదు.

ముందు తేల్చుకోవలసినవి

మొదటిది, చేతికి మిగిలే గంటలు. శుక్రవారం సాయంత్రం 6కి బయల్దేరి ఆదివారం రాత్రి 10కి ఇల్లు చేరితే మొత్తం 52 గంటలు. రెండు రాత్రుల నిద్ర కింద 14 తీసేస్తే 38. అందులోంచి రానూపోనూ ప్రయాణం తీసేయండి. ప్రాగ్‌కి ఒకవైపు 6 గంటల పైనే పడుతుంది, అంటే ఊరు చూడటానికి మిగిలేది 25. హాంబర్గ్‌కి సుమారు 4 గంటలు, మిగిలేది 30. టికెట్ ధర చూసే ముందు ఈ తీసివేత చేయండి. వాదన సగం ఇక్కడే తేలిపోతుంది.

రెండోది డబ్బు. ఇందులో అందరూ చేసే తప్పు ఒకటుంది: నలుగురికీ సగటున ఎంత పెట్టగలమని చూడటం. సగటుతో పనిలేదు, అందరికంటే తక్కువ పెట్టగలిగినవాడి అంకెతోనే పని. బ్లాక్డ్ అకౌంట్ నుంచి నెలకి వచ్చేది 992 యూరోలు. అద్దె, ఇన్సూరెన్స్, సరుకులు పోగా మిగిలేది ఒక్కొక్కడికి ఒక్కోలా ఉంటుంది. ఆ అంకె నలుగురిలో నోరు తెరిచి ఎవడూ చెప్పడు. మేము చీటీలు మొదలుపెట్టాం. ఈ ట్రిప్‌కి గరిష్ఠంగా ఎంత పెట్టగలరో పేరు రాయకుండా చీటీ మీద రాసి గిన్నెలో వేయాలి. అన్నిటికంటే చిన్న అంకె ఏదైతే అదే బడ్జెట్, ఎవరిదని అడగకూడదు. మొదటిసారి వచ్చిన చిన్న అంకె 65. ఆ ఆరుని రాసిన తీరు చూస్తే ఎవడిదో తెలిసిపోయింది. అంతకు పది నిమిషాల ముందు దాకా ఆమ్‌స్టర్‌డామ్ ఆమ్‌స్టర్‌డామ్ అని అందరికంటే గట్టిగా అరిచినవాడిదే.

దీంట్లోనే షిఫ్ట్ లెక్క కూడా ఉంది. శనివారాలు వేర్‌హౌస్‌లోనో బేకరీలోనో పని చేసేవాడికి ట్రిప్ అంటే ఖర్చు ఒక్కటే కాదు, పోయిన జీతం కూడా. 2026లో జర్మనీ కనీస వేతనం గంటకి 13.90 యూరోలు. ఎనిమిది గంటల షిఫ్ట్ వదులుకుంటే 111 యూరోలు పోయినట్టే. హాస్టల్ మంచానికి ఐదు యూరోలు తగ్గించడానికి గంటసేపు వెతికేవాళ్ళం, ఈ 111ని మాత్రం ఎవరం లెక్కలో వేయం. అలాంటివాడు మీలో ఉంటే తేదీని వాడి షిఫ్ట్‌ని బట్టి పెట్టండి, ఊరు తర్వాత చూద్దురు.

మూడోది కాగితాలు. జర్మన్ రెసిడెన్స్ పర్మిట్ ఉంటే షెంజెన్ (ఒకే వీసా నడిచే యూరప్ దేశాల గుంపు) దేశాల్లో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల దాకా తిరగొచ్చు. పాస్‌పోర్టూ, కార్డూ రెండూ ఒరిజినల్సే దగ్గర ఉండాలి, ఫోన్‌లో ఫోటో చూపిస్తే సరిపోదు. జర్మనీ 2024 సెప్టెంబరు నుంచి తన భూసరిహద్దులన్నిటి దగ్గరా చెకింగ్ పెట్టింది, తిరుగు ప్రయాణంలో రైల్లోకో బస్సులోకో పోలీసులు ఎక్కి అడగడం మామూలే. పర్మిట్ రెన్యువల్‌కి ఇచ్చి, అది వచ్చేదాకా ఇచ్చే ఫిక్షన్స్‌బెషైనిగుంగ్ అనే తాత్కాలిక కాగితం మీద ఉన్నవాడు మీలో ఉంటే, ఆ కాగితంలో ఏ గడికి టిక్ పడిందన్నదాన్ని బట్టి వాడు దేశం దాటొచ్చా లేదా అన్నది ఉంటుంది. అంత టెన్షన్ ఎందుకు, ఈసారికి డ్రెస్డెనో హాంబర్గో పెట్టుకోండి. ఎవరైనా లండన్ అన్నారంటే, దానికి వేరే వీసా కావాలని గుర్తు చేసి కూర్చోబెట్టండి.

నాలుగోది జనం సరిగా పట్టించుకోనిది: ఆ ఊళ్ళో నలుగురూ విడిపోయి మళ్ళీ తేలిగ్గా కలుసుకోగలరా? ఒకడికి మ్యూజియం కావాలి, ఒకడికి రీల్స్ కావాలి, ఒకడికి పదకొండు దాకా నిద్ర కావాలి. రెండు రోజులూ నలుగురూ అంటిపెట్టుకుని తిరగాల్సిన ఊరైతే శనివారం సాయంత్రానికి ఏదో ఒక గొడవ ఖాయం.

రైలు టికెట్ సంగతి

జర్మనీ అంతటా నడిచే నెలవారీ పాస్ డాయిచ్‌లాండ్ టికెట్ 2023 మేలో నెలకి 49 యూరోలతో మొదలైంది. 2025లో 58 అయింది, 2026 జనవరి నుంచి 63. చాలా యూనివర్సిటీల్లో సెమెస్టర్ ఫీజులోనే తక్కువ ధరకి వచ్చేస్తుంది. దాంతో రీజనల్ రైళ్ళు, ఎస్‌బాన్ లోకల్ రైళ్ళు, ట్రామ్, సిటీ బస్సులు ఎక్కొచ్చు. ఐసీఈ, ఐసీ, ఈసీ లాంటి పెద్ద బండ్లకీ, దూరం వెళ్ళే ప్రైవేటు బస్సులకీ అది పనికిరాదు. అంటే దేశం లోపల ఎక్కడికెళ్ళినా మన ప్రయాణ ఖర్చు సున్నా. సరిహద్దు దాటామంటే మీటర్ తిరగడం మొదలైనట్టే.

| | డ్రెస్డెన్ | హాంబర్గ్ | ప్రాగ్ | ఆమ్‌స్టర్‌డామ్ |
|---|---|---|---|---|
| ఒకవైపు ప్రయాణం | మూడున్నర నుంచి 4 గంటలు | సుమారు 4 గంటలు | 6 గంటల పైనే | ఫాస్ట్ రైల్లో 6కి అటూఇటూ, బస్సులో 8 పైనే |
| ప్రయాణ ఖర్చు | సున్నా | సున్నా | మధ్యస్థం | ఎక్కువ |
| బస | తక్కువ | వీకెండ్‌లో బాగా ఎక్కువ | తక్కువ నుంచి మధ్యస్థం | అన్నిటికంటే ఎక్కువ |
| డబ్బు | యూరో | యూరో | కొరునా | యూరో |
| విడిపోయి కలుసుకోవడం | తేలిక | కొంచెం కష్టం | చాలా తేలిక | తేలిక |
| వాన పడితే | కొండ ప్లాన్ పోయినట్టే | ఊరు ఎప్పుడూ తడిగానే ఉంటుంది, అలవాటు పడాలి | ఫర్వాలేదు | మ్యూజియం బుక్ చేసుకుంటే ఫర్వాలేదు |
| ఎంత ముందు బుక్ చేయాలి | ఒక వారం | రెండు మూడు వారాలు | మూడు వారాలు | ఆరు వారాలు |

ఈ నాలుగిట్లో మూడు ఊళ్ళు నిజానికి ఒకే నీటి మీద ఉన్నాయి. ప్రాగ్‌లో పారే వల్టావా మేల్నిక్ దగ్గర ఎల్బేలో కలుస్తుంది. ఆ ఎల్బే డ్రెస్డెన్ మీదుగా మా మాగ్డెబర్గ్‌కి వచ్చి, ఇక్కడి నుంచి హాంబర్గ్ దాటి సముద్రంలో కలుస్తుంది. కృష్ణ ఒడ్డున పుట్టినవాణ్ణి కదా, మ్యాప్ తీస్తే ముందు నది ఎటు పోతుందో చూడటం అలవాటు.

డ్రెస్డెన్: ఊరితో పాటు కొండ

లైప్‌జిగ్‌లో బండి మారి వెళ్తాం. శనివారం ఊరు, ఆదివారం కొండ. ఊళ్ళో చూడాల్సినవన్నీ నదికి ఈ పక్కా ఆ పక్కా నడిచేంత దూరంలోనే ఉంటాయి. ఫ్రౌయెన్‌కిర్చె చర్చి 1945 ఫిబ్రవరి బాంబు దాడిలో కూలిపోయి, దశాబ్దాల పాటు రాళ్ళ గుట్టగానే ఉండిపోయింది. మళ్ళీ కట్టి 2005లో తెరిచారు. గోడల్లో అక్కడక్కడా నల్లటి రాళ్ళు కనిపిస్తాయి, అవి పాత చర్చివి.

అసలు సరుకు ఆదివారానిది. ఎస్‌1 బండిలో రాథెన్ దాకా వెళ్ళి, నది దాటే చిన్న ఫెర్రీ ఎక్కి (దీనికి మాత్రం విడిగా డబ్బులు కట్టాలి), అరగంట నుంచి ముప్పావు గంట మెట్లెక్కితే బస్టై అనే రాతికొండ. ఎల్బేకి 194 మీటర్ల ఎత్తున, ఇసుకరాతి స్తంభాల మధ్య 1851లో కట్టిన రాతి వంతెన. పైకి వెళ్ళడానికి టికెట్ లేదు. జర్మనీలో ఆదివారం సూపర్ మార్కెట్లు మూసేస్తారు కాబట్టి తిండి శనివారమే కొనిపెట్టుకోవాలి. మేము పులిహోర కలిపి పట్టుకెళ్ళాం. ఆ కొండ మీద పులిహోర తింటుంటే పక్క బెంచీ జర్మన్ పెద్దాయన అదేమిటని అడిగాడు. కొంచెం పెట్టాం, ఎండుమిర్చి కూడా నమిలేశాడు పాపం.

దీని లోటు కూడా చెప్పాలి. "యూరప్ తిరిగాం" అన్న ఫీలింగ్ దీంతో రాదు, అదే దేశం, అదే భాష. వానొస్తే మెట్లు జారతాయి, ఆదివారం మొత్తం పోతుంది. డిసెంబరులో అయితే కొండ మర్చిపోయి క్రిస్మస్ మార్కెట్ కోసం వెళ్ళండి. అక్కడి స్ట్రీట్జెల్‌మార్క్ట్ 1434 నుంచి ఉంది.

హాంబర్గ్: టికెట్ ఉన్నవాడిదే రాజ్యం

నాకు ఈ నాలుగిట్లో ఎక్కువ ఇష్టమైంది ఇదే. కాబట్టి నా మాటలో కొంత పక్షపాతం ఉంటుంది, తగ్గించి చదువుకోండి.

ఉల్‌జెన్‌లో బండి మారితే చాలు, ప్రయాణం మొత్తం డాయిచ్‌లాండ్ టికెట్ మీదే అయిపోతుంది. అక్కడ దిగాక కూడా అదే టికెట్ పనిచేస్తూనే ఉంటుంది. లాండుంగ్స్‌బ్రూకెన్ రేవు నుంచి ఫింకెన్‌వెర్డర్ వెళ్ళే 62 నంబర్ ఫెర్రీ సిటీ రవాణాలో భాగం. పక్కనే టూరిస్టులు డబ్బులు పోసి హార్బర్ టూర్ బోటు ఎక్కుతుంటే, మనం పాస్ చూపించి అవే ఓడలు, అవే క్రేన్లు చూసుకుంటూ పోవచ్చు. పై డెక్ మీదికి ముందే ఎక్కేయండి, చలికాలమైనా సరే. అదే రేవు దగ్గర 1911లో తెరిచిన పాత ఎల్బే సొరంగం ఉంది. నది అడుగు నుంచి అవతలి ఒడ్డుకి నడుచుకుంటూ పోవచ్చు, పైసా కట్టక్కర్లేదు. స్పైకర్‌స్టాట్ పాత గిడ్డంగుల పేట 2015 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. సాయంత్రం దీపాలు వేశాక అక్కడి వంతెనల మీద తిరగడానికి కూడా టికెట్ లేదు.

ఆదివారం పొద్దున్నే ఫిష్‌మార్క్ట్. వేసవిలో తెల్లవారి 5కే మొదలై 9:30కి అయిపోతుంది, చలికాలంలో 7కి మొదలు. చేపలవాళ్ళూ పండ్లవాళ్ళూ బండి మీద నిలబడి అరిచే అరుపులు వింటే మన రైతు బజారు గుర్తొస్తుంది. ముగిసే వేళకి పండ్ల బుట్టలు చవగ్గా ఇచ్చేస్తారు. మోయగలిగితే ఒకటి కొనండి, తిరుగు రైల్లో నాలుగు గంటలు తింటూ రావచ్చు. పదకొండు దాకా పడుకునే రూమ్మేట్ ఉంటే వాణ్ణి లేపే ప్రయత్నం చేయకండి, స్టేషన్‌కి నేరుగా రమ్మనండి.

దెబ్బ పడేది బస దగ్గర. వీకెండ్‌లో హాస్టల్ మంచం ధర చూస్తే ప్రయాణంలో మిగిలిన డబ్బంతా అక్కడే పోతున్నట్టు ఉంటుంది. ఊరు కూడా పెద్దది, ఒకరు ఒక చివర ఉండి ఇంకొకరు ఇంకో చివర ఉంటే కలుసుకోవడానికి ముప్పావు గంట. మినియాటుర్ వుండర్‌లాండ్ బొమ్మ రైళ్ళ ప్రదర్శన చూడాలంటే టైమ్ స్లాట్ ముందే తీసుకోండి, శనివారం మధ్యాహ్నం వెళ్ళి క్యూలో నిలబడితే ఆ రోజు దానికే సరి.

ప్రాగ్: అందరూ వెళ్ళేది, అందుకు కారణం ఉన్నది

"ఫారిన్ ట్రిప్" అన్న తృప్తి తక్కువ డబ్బుతో ఇచ్చే ఊరు ఇది. చార్లెస్ వంతెన 1357లో మొదలుపెట్టారు, పాత ఊళ్ళోని ఖగోళ గడియారం 1410 నాటిది, కొండ మీద కోట, ఇవన్నీ ఒకదాన్నుంచి ఒకదానికి నడిచి వెళ్ళే దూరంలోనే ఉన్నాయి. నలుగురూ నాలుగు దిక్కులకి పోయినా "ఆరింటికి గడియారం కింద" అంటే అందరూ పది నిమిషాల్లో చేరతారు. కోట ప్రాంగణాల్లోకి వెళ్ళడానికి టికెట్ అక్కర్లేదు, లోపలి భవనాలకే కావాలి. వంతెన మీదికి మాత్రం పొద్దున 6కి వెళ్ళండి. పదకొండుకి వెళ్తే తిరుమల క్యూ లైనే.

వెళ్ళే దారులు రెండు. డ్రెస్డెన్ దాకా మన పాస్ మీద వెళ్ళి, అక్కడి నుంచి ఫాస్ట్ రైలుకి టికెట్ కొనుక్కోవడం ఒకటి. డ్రెస్డెన్ నుంచి ప్రాగ్ రెండున్నర గంటల లోపే, ఎల్బే పక్కనే సాగే దారి, కిటికీ సీటు దొరికితే అదే సగం ట్రిప్. బెర్లిన్‌కో లైప్‌జిగ్‌కో పాస్ మీద వెళ్ళి బస్సు పట్టుకోవడం రెండోది. బస్సు చవక, కానీ మేము ఒకసారి తిరుగు బస్సు కోసం ఆదివారం రాత్రి రెండు గంటలు రోడ్డు పక్కన చలిలో నిలబడ్డాం. అది వచ్చి మమ్మల్ని దింపేసరికి మాగ్డెబర్గ్ ఆఖరి బండి వెళ్ళిపోయింది. తెల్లారి 4 దాకా స్టేషన్‌లో కూర్చుని, సోమవారం ల్యాబ్‌కి స్నానం లేకుండా వెళ్ళాం. ఆ తర్వాత తిరుగు ప్రయాణానికి రైలే.

డబ్బు దగ్గర కొంచెం జాగ్రత్త. అక్కడ యూరో నడవదు, ఒక యూరోకి 25 కొరునాలకి కాస్త అటూఇటూ. దాదాపు అన్ని చోట్లా కార్డు తీసుకుంటారు కాబట్టి ఎక్స్‌చేంజ్ షాపుల జోలికి వెళ్ళక్కర్లేదు. ఏటీఎం గానీ కార్డు మెషీన్ గానీ "యూరోల్లో కట్టాలా, కొరునాల్లోనా" అని అడిగితే కొరునాలే నొక్కండి. యూరోలు నొక్కితే వాళ్ళ రేటు వేస్తారు, తేడా వెంటనే తెలియదు, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో తెలుస్తుంది. ట్రామ్‌కో మెట్రోకో కాగితం టికెట్ కొంటే పసుపు మెషీన్‌లో ముద్ర వేయించుకోవాలి. వేయించకపోతే టికెట్ లేనట్టే లెక్క, ఫైన్ కడతారు.

తిండి విషయంలో, గులాష్ అంటే చాలాసార్లు బీఫే. తిననివాళ్ళు ముందు అడగండి. శాకాహారులకి స్మజెనీ సీర్ అని చీజ్‌ని బ్రెడ్ పొడిలో ముంచి వేయించి ఇస్తారు, కడుపు నిండుతుంది. గ్యాస్ లేని నీళ్ళు కావాలంటే సీసా మీద "నెపెర్లివా" అన్న మాట వెతకండి. వీధి వీధినా అమ్మే ట్రడెల్నిక్ చక్కెర చుట్ట మాత్రం ఒకటి కొని నలుగురూ పంచుకుంటే చాలు. దాని వాసన ముందు రుచి ఎందుకూ పనికిరాదు.

ఆమ్‌స్టర్‌డామ్: ప్లాన్ ఉన్నవాడికే

ఇది చెడ్డ ఎంపిక అనను. గురువారం రాత్రి అనుకుని శుక్రవారం వెళ్ళే ఊరు మాత్రం కాదు. నాజీల కాలంలో దాక్కుని డైరీ రాసిన యూదు అమ్మాయి ఆన్ ఫ్రాంక్ ఇంటికి టికెట్లు ఆన్‌లైన్‌లోనే, ఆరు వారాల తర్వాతి తేదీలకి ప్రతి మంగళవారం విడుదల చేస్తారు, చూస్తుండగానే అయిపోతాయి. వాన్ గోహ్ మ్యూజియానికీ స్లాట్ కావాలి. బస మీద టూరిస్ట్ పన్నే 12.5 శాతం. వెబ్‌సైట్‌లో కనిపించే ధరలో అది కొన్నిసార్లు కలపరు, చెకిన్ దగ్గర మొహం మాడుతుంది.

హనోవర్ మీదుగా ఐసీ రైలు ముందే బుక్ చేస్తే బాగుంటుంది. రాత్రి బస్సులో వెళ్ళి రాత్రి బస్సులో రావడం మన కుర్రాళ్ళ ఫేవరెట్ ప్లాన్: రెండు రాత్రుల హాస్టల్ మిగులుతుంది కదా అని. మిగులుతుంది. కానీ శనివారం పొద్దున 7కి పళ్ళు తోముకోకుండా కాలువ పక్కన నిలబడి "ఇప్పుడేం చేద్దాం రా" అనుకునే నలుగురిలో మీరూ ఒకరవుతారు. సోమవారం క్లాసు ఉంటే అసలే వద్దు.

ట్యూలిప్‌ల కోసమే అయితే క్యూకెన్‌హోఫ్ తోట మార్చి మధ్య నుంచి మే మధ్య దాకానే తెరిచి ఉంటుంది. ట్రామ్‌కీ రైలుకీ బ్యాంకు కార్డే టచ్ చేయొచ్చు, దిగేటప్పుడు మళ్ళీ టచ్ చేయడం మరవొద్దు. స్టేషన్ వెనక నుంచి అవతలి ఒడ్డుకి వెళ్ళే ఫెర్రీ ఉచితం. ఎర్ర దారి సైకిళ్ళది, దాని మీద నిలబడి సెల్ఫీ తీసుకోవద్దు. గంట కొడతారు, ఆగరు.

బెర్లిన్ ఈ జాబితాలో లేదు. రీజనల్ రైల్లో పావు తక్కువ రెండు గంటలు, ఒక్క రోజులో వెళ్ళి రావచ్చు, హాస్టల్ దండగ. బుడాపెస్ట్ కూడా లేదు, దానికి కారణం వేరే. అంత దూరం రెండు రోజులకి వెళ్తే అక్కడి వేడినీటి స్నానశాలల్లో ఒక పూట, దారిలో ఒక రోజు. ఈస్టర్ సోమవారం కలిసొచ్చే నాలుగు రోజుల సెలవుకి దాచుకోండి.

మీ గదిలో ఎవరున్నారు?

మొదటి సెమెస్టర్‌లో ఉన్నవాళ్ళయితే, ఇంకా జాబ్ దొరకలేదు, ఇంటి నుంచి డబ్బు అడగడం ఇష్టం లేదు అనుకుంటే డ్రెస్డెన్. ఇంకో ఆలోచన వద్దు. ఒక్క రాత్రి హాస్టల్, ఇంటి నుంచి పులిహోర, శనివారం పొద్దున బయల్దేరినా సరిపోతుంది. ఆ 65 చీటీ రోజు మేము వెళ్ళింది అక్కడికే.

శనివారం షిఫ్ట్ వదలలేనివాడు ఒకడుంటే హాంబర్గ్. ముగ్గురు ముందు వెళ్తారు, వాడు పని ముగించుకుని సాయంత్రం బండెక్కి రాత్రికి చేరతాడు. ఫెర్రీనీ ఫిష్‌మార్క్ట్‌నీ వాడి కోసం ఆదివారానికి ఉంచాలి. ప్రాగ్‌కి అలా ఆలస్యంగా వచ్చి కలవడం కుదరదు, వచ్చేసరికి అర్ధరాత్రి.

అందరికీ జీతాలు వస్తున్నాయి, చేతిలో రెసిడెన్స్ పర్మిట్ కార్డులు ఉన్నాయి, శుక్రవారం క్లాసు లేదు అంటే ప్రాగ్. శుక్రవారం పొద్దున్నే వెళ్ళండి, ఆ అరపూటతో ట్రిప్ రూపమే మారిపోతుంది.

ఆమ్‌స్టర్‌డామ్ ఏప్రిల్‌కి. అదీ మీలో ఒకడు మార్చి మొదట్లోనే ఎక్సెల్ షీట్ తెరిచి కూర్చునే రకమైతేనే. మా గదిలో అలాంటివాడు అనంతపురం వాడు ఒక్కడే. కిందటిసారి వాడికి థీసిస్ డెడ్‌లైన్ పడింది, మేము వెళ్ళలేదు.

బుకింగ్ మాత్రం ఒక్కరి కార్డు మీదే చేసి, అదే రాత్రి ఖర్చులు పంచే యాప్ స్ప్లిట్‌వైజ్‌లో ఎక్కించండి. మొదట క్యాన్సిల్ చేసుకోగల హాస్టల్, తర్వాత రైలు. పచ్చడి సీసా తీసుకెళ్ళేవాడు దాన్ని రెండు కవర్లలో చుట్టి తన బ్యాగులోనే పెట్టుకోవాలి. నా బూడిద రంగు జాకెట్‌కి గోంగూర నూనె మరక ఇప్పటికీ పోలేదు.